కొండ మీద నడిమి గోడ

ధర్మవరానికి టికెట్టు తీసుకుని పెనుకొండలో దిగిపోయే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేనే ఆ మనిషిని. తొంభైల చివర్లో దాదాపు రెండేళ్లు, ఆదివారం వస్తే చాలు, హిందూపురం స్టేషన్లో పొద్దున ప్యాసింజరుకు ధర్మవరం టికెట్టే తీసుకునేవాణ్ణి. నా భార్య అక్కడ వాళ్ల అమ్మగారింట్లో ఉండేది. ఆమెను పిలుచుకు రావాలనే బయలుదేరేవాణ్ణి. దారి మధ్యలో పెనుకొండ వచ్చేది, కిటికీలోంచి కొండ కనబడేది, సంచీ భుజాన వేసుకుని దిగిపోయేవాణ్ణి. గేటు దగ్గర టికెట్లు చూసే ఆయన ఒకసారి ఆపి, "ధర్మవరం ఇంకా చానా దూరముండాది కదప్పా" అన్నాడు. "తెలుసు" అన్నాను. ఆయన నన్ను తిక్కోణ్ణి చూసినట్టు చూశాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

మేము పోట్లాడుకోలేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. మొగుడూ పెళ్లాలు విడిగా ఉంటే ఏదో ఒక గొడవ ఉండి తీరాలని లోకం అనుకుంటుంది. గొడవే ఉంటే ఎంత బాగుండేది! నలుగురు పెద్దమనుషులు కూర్చుని నాకు నాలుగు చివాట్లు పెట్టి, ఆమెకు రెండు మంచి మాటలు చెప్పి రైలెక్కించేవాళ్లు. ఆమె చెల్లెలి కాన్పుకని వెళ్లింది. బిడ్డ పుట్టింది, పేరు పెట్టారు, ఆ బిడ్డ బోర్లా పడింది, పాకింది, నిలబడింది. ఆమె రాలేదు. నేను రమ్మని అడగలేదు, ఆమె రానని చెప్పలేదు. నేను పనిచేసే షెడ్డులో "అక్క ఎప్పుడొస్తాదన్నా?" అని అడిగేవాళ్లు. "వస్తాది" అనేవాణ్ణి. కొన్నాళ్లకు వాళ్లు అడగడం మానేశారు. అడిగినప్పటికంటే అది ఎక్కువ బాధగా ఉండేది.

షెడ్డంటే హిందూపురం పారిశ్రామికవాడలో కిటికీ గ్రిల్లులు, షట్టర్లు, పట్టుపురుగుల తట్టలు పెట్టుకునే స్టాండ్లు చేసే చోటు. సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి నా పని డ్రాయింగులు గీయడం. ఇల్లంటే మిద్దె మీద ఒక రూము, దాని పక్కన రేకుల వంటగది. ఆమె పుట్టింట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవి. గుంటలో కాళ్లు పెట్టుకుని, మగ్గం చప్పుడు మీదుగా గొంతు పెంచి, పక్క మగ్గంలో వాళ్లతో పొద్దస్తమానం మాట్లాడుతూ పెరిగిన మనిషి ఆమె. అట్లాంటి మనిషిని తెచ్చి మిద్దె మీద కూర్చోబెట్టి నేను పనికి పోయేవాణ్ణి. సాయంత్రం వచ్చి నేల నిండా కాగితాలు పరిచేవాణ్ణి. ఆమె ఏదో చెప్పేది, నేను "ఊఁ" అనేవాణ్ణి. కాగితాలు పరిచాక ఆమె అటూ ఇటూ తిరగడానికి గోడవారన రెండడుగుల తావు మిగిలేది. నాలుగేళ్లు ఆమె ఆ రెండడుగుల్లోనే నడిచిందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె వెళ్లిన ఏడాదే బెంగళూరు నుంచి కొండలెక్కేవాళ్ల సంఘం ఒకటి మా షెడ్డుకొచ్చింది. సెలవు రోజుల్లో పెనుకొండ కొండ ఎక్కడం వాళ్ల సరదా. కట్టెలకో మేకలకో దేవుడికో తప్ప ఎండలో కొండెక్కేవాణ్ణి మా సీమలో పనీపాటా లేనోడంటారు. అంతకు ముందు వేసవిలో వాళ్ల పెద్దాయనే సగం కొండలో వడదెబ్బకు పడిపోయాడట. దగ్గర్లో చెట్టు లేదు, మోసుకు దిగడానికి చేతకాలేదు. నలుగురు దుప్పటికి తలా ఒక కొస పట్టుకుని, పొద్దు వాలేదాకా ఆయన మీద నీడ నిలబెట్టారట. ఆ పెద్దాయన నా బల్ల ముందు కూర్చుని, కన్నడ యాస తెలుగులో మెల్లగా చెప్పాడు. "కొండ మీద నీడ కావల్ల. గుంత తీయకూడదు, సిమెంటు పోయకూడదు, రాయికి మేకు కొట్టకూడదు." కోట ఉన్న కొండ కాబట్టి ఆ షరతులు. ముక్కలుగా మోసుకుపోయి పైన బిగించాలి, అక్కర్లేనప్పుడు విప్పితే కింద గీత కూడా మిగలకూడదు. ఎండాకాలం బండ మండిపోతుంది, ఆషాఢంలో గాలి మనిషిని నెట్టేస్తుంది, రెంటికీ తట్టుకోవాలి.

ఆ పని నా నెత్తికెక్కింది. నిజం చెప్పాలంటే, నాకొక సాకు దొరికింది. ధర్మవరం ఎందుకు పోలేదురా అని మనసు అడిగితే, పెనుకొండలో పనుందని చెప్పుకోవచ్చు కదా.

ఏ ముక్కైనా ఒక మనిషి భుజాన మోయగలిగినంత బరువే ఉండాలని మొదటే రాసుకున్నాను. అంటే ఇనుము తగ్గించాలి. గోడలకు ఏం వాడాలా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక, జవాబు పట్టుగూళ్ల మార్కెట్టు వెనకాల చెత్తలో కనబడింది. చంద్రికలు. పట్టుపురుగులు గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లే పెద్ద చాపల్లాంటివి, మనిషంత ఎత్తుంటాయి. పాతబడితే రైతులు పొయ్యిలో పెట్టేస్తారు. రెండు చంద్రికలు ఎదురెదురుగా నిలబెట్టి, నడుమ వేరుశనగ పొట్టు కూరి, పైన మట్టీ సున్నమూ పేడా కలిపి మెత్తితే ఎండ లోపలికి రాదు, బరువూ ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. చెప్పుకుందామంటే రూములో ఎవరూ లేరు. గోడ వైపు తిరిగి పైకే చెప్పాను. నవ్వకండి, ఒంటరిగా ఉంటే మీరూ చెబుతారు.

మొదటి గోడను మిద్దె మీద నిలబెట్టిన మూడో రోజుకే ఉడుతలు చీల్చి పోగులు పెట్టాయి. పొట్టులో అక్కడక్కడ పప్పు మిగిలి ఉంటుందని, చెనక్కాయలు తిని పెరిగిన నాకు తోచలేదు. పొట్టంతా చెరిగి, బూడిదా ఎండు వేపాకూ కలిపి మళ్లీ కూరాను. ఆమె ఉంటే చేటతో గంటలో తేల్చేసేది. నేను రెండు సాయంత్రాలు దగ్గుతూ చెరిగాను. చెరుగుతూ ఉంటే ఆమె మీద కోపం వచ్చింది. పొట్టు చెరగడానికి లేదని పెళ్లాం మీద కోపం తెచ్చుకునే మొగుణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

పాత చంద్రికలను విప్పి మా కొలతకు మళ్లీ అల్లడానికి పెనుకొండలో బుట్టలల్లే తాత ఒకాయన దొరికాడు. నేను టేపు తీసి అడుగులు, అంగుళాలు చెప్పాను. ఆయన అంతా విని, "అదంతా సరేప్పా, ఎవురి చెయ్యి?" అన్నాడు. మా వైపు పాతకాలం పనివాళ్లు ఇల్లు మొదలుపెట్టేముందు ఇంటాయన్ను నిలబెట్టి, మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఎంతుందో అంత కర్ర నరికి, ఆ కర్రతోనే ఇల్లంతా కొలిచేవాళ్లు. తాత ఇంకా ఆ కాలంలోనే ఉన్నాడు.

"దీంట్లో ఎవురూ కాపురముండరు తాతా. దారిన పోయేటోళ్లు కాసేపు కూర్చోని పోతారు" అన్నాను.

"చుట్టూ గోడుండాది, పైన కప్పుండాది. అది ఇల్లే. ఇంటాయన చెయ్యీ కావల్ల, ఇంటామె చెయ్యీ కావల్ల. పడుకునే తావు ఆయన మూరతో, కూర్చునే తావు ఆయమ్మ మూరతో. మా నాయన అట్లే చేసినాడు, నేనూ అట్లే చేస్తాండా. పోయి ఆయమ్మను పిల్చుకోని రాపో."

"ఆమె ఊర్లో లేదు."

"వచ్చినంక అల్లుదాం. తొందరేముండాది?"

"అంతవరకూ పని ఆగదు తాతా. అన్నిటికీ నా చెయ్యే తీసుకో."

తాత కాసేపు నా మొహం చూశాడు. "నీ ఇష్టమప్పా. ఒంటి చేతి ఇల్లు నేను యాడా కట్టలేదు" అని కర్ర నరికాడు.

నేను లోలోపల నవ్వుకున్నాను. డిప్లొమా చదివినోడికి మూరలేంటి అని. తీరా చూస్తే టేపుతో నేను చేసిందీ అదే. రూములో గోడకానుకుని కూర్చుని, నెత్తి ఎక్కడికొస్తే అక్కడ సుద్దముక్కతో గీత. కాళ్లు చాపి మడమల దగ్గర ఒక గీత. మోచేతులు చాపి అటొకటి, ఇటొకటి. కొలవడానికి నాకు దొరికిన మనిషి నేనొక్కణ్ణే. ఒక మనిషికి ఒక గది, ఎంతమంది వస్తే అన్ని గదులు వరసగా బోల్టులతో కలుపుకోవచ్చు, అదీ నా లెక్క. స్తంభాలు పెడితే ఇనుము బరువవుతుందని, గోడలే కప్పును మోసేలా గీశాను. ఆ ఉపాయానికి నాకెంత గర్వమో చెప్పలేను.

కూలీలు ముక్కలన్నీ మోసుకొచ్చాక, పైన కోటగోడ దగ్గర చదును బండ మీద రెండు గదులు పక్కపక్కన నిలబెట్టాము. నాలుగు మూలలా రాళ్లు నింపిన సంచులు కట్టాము. ఆ తర్వాత పరీక్ష. సంఘం వాళ్లు రావడానికి ముందు, ఎండలో లోపల ఎంత చల్లగా ఉంటుందో చూడాలి. ఆదివారం ఆదివారం పోయి మధ్యాహ్నమంతా అందులో కూర్చునేవాణ్ణి. గాలి, బండ మీద తొండలు, ఎప్పుడైనా ఒక మేక అరుపు. దూరాన రైలు ధర్మవరం వైపు పోయేది. జేబులో ఆ ఊరి టికెట్టు ఉండేది. ఎవరైనా వస్తే బాగుండునని ఉండేది. ఎవరైనా అంటే ఎవరైనా కాదు.

చైత్రంలో ఒక ఆదివారం పెనుకొండ వచ్చింది, నేను దిగలేదు. సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ధర్మవరంలో మా అత్త తలుపు తీసి, "వచ్చినావా" అని చెంబుతో నీళ్లిచ్చింది. ఇంకేమీ అడగలేదు. నా భార్య మగ్గంలో ఉంది. చిక్కిపోలేదు, దిగులుగా లేదు. పక్కింటామె ఏదో అన్నదానికి నవ్వుతోంది. ఆ నవ్వు మా రూములో నేను విన్నట్టు గుర్తు లేదు.

"కొండ మీద ఒకటి కట్టినాను, వచ్చి చూస్తావా?" అన్నాను. ఇన్నాళ్లకు వచ్చి అన్న మొదటి మాట అది.

"ఏమి కట్టినావు?"

"నీడ."

కాసేపు పోగులు సర్దుకుంది. "వస్తాను. వచ్చే వారం" అంది. నేను ఆ జవాబుకు సిద్ధపడి లేను. తిరుగు రైల్లో పక్కనున్న ముసలాయనకు, ఆయన అడక్కపోయినా, నా భార్య వస్తోందని చెప్పాను.

ఆమె ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి వచ్చి పెనుకొండ స్టేషన్లో కలుసుకున్నాము. చిత్రాన్నం మూట కట్టుకొచ్చింది. కొండ నాకంటే బాగా ఎక్కింది. పైకి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మొదటి గదిలో ఆమెను కూర్చోబెట్టి, ఏమంటుందా అని నేను బయట నిలబడ్డాను. చేత్తో గోడ తడిమింది, కప్పు చూసింది.

"సల్లగా ఉండాది. బాగా చేసినావు" అంది. నా ఒళ్లు పులకరించింది, దాచుకోవడమెందుకు. ఆ తర్వాత, "ఎండలో ఏంటికి నిలబడినావు? నువ్వూ రా" అని పక్కకు జరిగింది. జరగడానికి తావు లేదు. లోపల నా కొలతకు వేసిన బల్ల ఒక మనిషికే సరిపోయింది. నేను లోపల ఒక కాలు పెట్టి, భుజం పట్టక వెనక్కి తీశాను.

"ఇది ఒక మనిసికే. నేను పక్క గదిలో కూర్చుంటాను" అన్నాను. పోయి కూర్చున్నాను. గోడకు అటు ఆమె, ఇటు నేను. చిత్రాన్నం చెరిసగం చేసి, నా వాటా ఆకులో పెట్టి, తెరిచి ఉన్న ముందు వైపు నుంచి చెయ్యి చాపి ఇచ్చింది. ఎవరి గదిలో వాళ్లం తిన్నాము. చెయ్యి తప్ప ఆమె నాకు కనబడలేదు.

తిన్నాక గోడ అవతలి నుంచి ఆమె గొంతు వచ్చింది. "హిందూపురం రూము కూడా ఇట్లే ఉన్నింది. నేను యాడ కూర్చోవల్లనో నాకు తెలిసేది కాదు."

నేను ఊఁ అనలేదు. అంతమాత్రం బుద్ధి వచ్చింది.

"ఈ నడిమి గోడ తీసేసేకి అయితాదా?" అంది.

ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె అడిగింది ఏమిటి, నేను చెప్పింది ఏమిటి! "కాదు. స్తంభాలు లేవు కదా, కప్పు బరువంతా ఆ గోడ మీదే ఉండాది. తీస్తే నిలవదు" అని చెప్పాను. అంతటితో ఊరుకోలేదు. బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతుందో, బోల్టులు ఎక్కడున్నాయో, గోడకు ఇటు వైపు కూర్చుని వేలితో గీసి చూపించాను. గోడకు అటు ఉన్న మనిషికి ఆ వేలు కనబడదని కూడా ఆలోచించలేదు.

"సరే" అంది ఆమె.

పొద్దు వాలాక కొండ దిగాము. ఆమె రైలు ముందు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, "టయానికి తిను" అంది. ఆ రైల్లో నేనూ ఎక్కేయొచ్చు. పక్కన సీటు ఖాళీగానే ఉంది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ గోడ తీయాలంటే ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను.

ఆలోచించి ఆలోచించి ఏడాదిన్నర చేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. గోడ తీస్తే కప్పు నిలవాలి, బరువు పెరగకూడదు. పైపులను విల్లులా వంచి, రెండు కొసలూ బండకు ఆనించి, కప్పును వాటి మీద పరిచాను. మొదటిసారి ఆషాఢం గాలికి కప్పు లేచిపోయి కింద ముళ్లకంపల్లో దొరికింది. రెండోసారి పైపు వంగిపోయింది. మూడోసారి నిలబడింది. గోడలు ఎండ ఆపడానికే, మోయడానికి కాదు. ఎక్కడ కావాలంటే అక్కడ తీసేయొచ్చు. ఇద్దరు, నలుగురు, ఎనిమిదిమంది ఒకే నీడలో ఎదురెదురుగా కూర్చోవచ్చు. సంఘం పెద్దాయన వచ్చి అందులో పడుకుని, లేచి కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నాడు. కొత్తవి ఇంకో రెండు చోట్ల నిలబెట్టమన్నాడు. షెడ్డులో స్వీట్లు పంచారు. నేను ఒకటి తిని, ఇంకొకటి కాగితంలో చుట్టుకుని రూముకు తెచ్చి, అది ఎవరికోసం తెచ్చానో అర్థం కాక పొద్దున చీమలకు వదిలేశాను.

ఆ ఆదివారం డ్రాయింగు చుట్ట చేతబట్టుకుని ధర్మవరం పోయాను. రెండువేల సంవత్సరం వచ్చేసింది అప్పటికి. ఇంట్లో మూడో మగ్గం ఉంది, అది ఆమె సొంతానికి పెట్టుకున్నది. దాని మీద సగం నేసిన చీర, గుంటలో ఆమె. మా అత్త గడప దగ్గర పోగులు చుడుతోంది. నేను మగ్గం పక్కన నిలబడి డ్రాయింగు విప్పి పట్టుకున్నాను.

"నడిమి గోడ తీసేసినాను" అన్నాను. "చూడు. కప్పు నిలుస్తాది. ఇద్దరూ కూర్చునేకి తావుండాది."

ఆమె మగ్గం ఆపి శ్రద్ధగా చూసింది. పైపు వంపు మీద వేలు పెట్టి, ఇది ఇనుమా అని అడిగింది. ఔనన్నాను. బాగుందంది. నిజంగానే అంది, వెటకారం ఏమీ లేదు.

"వస్తావా?" అన్నాను. పెళ్లయిన ఏడేళ్లకు, ఇంటికి రమ్మని ఆమెను నేను అడిగిన మొదటి మాట అదే.

గడప దగ్గర మా అత్త చేతులు ఆగిపోయాయి.

"ఆ పొద్దు నేను అడిగింది కప్పు గురించి కాదు" అంది నా భార్య. "తీస్తాను అని ఒక మాట అనింటే సాలు. తీసినంక పడిపోయింటే పడిపోయేది. ఇద్దరమూ ఎండలోనే నిలబడుకోని ఉందుము."

నాకు ఏడుపొచ్చింది. కాన్పుకని పోయిన మనిషి రానప్పుడు రాలేదు, కప్పు ఎగిరిపోయినప్పుడు రాలేదు, ఆ ఇంట్లో, మా అత్త ముందు, రెండు చేతుల్తో డ్రాయింగు పట్టుకుని ఏడ్చాను. కళ్లు తుడుచుకోవాలంటే కాగితం వదలాలి. వదల్లేదు. ఆమె చాలాసేపు నన్నే చూసింది, ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. కానీ మగ్గం గుంటలోంచి లేచి రాలేదు.